ఆముదంతో గీసిన గది

ఆత్మకూరులో నాకు రంగుల అంగడి ఉంది. గోడ రంగులు, తలుపులకేసే ఎనామెల్, ప్రైమరు, టర్పెంటైన్, బ్రష్షులు, గరుకు కాగితం. అంగట్లోకి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపే అలవాటు నాకు లేదు. సరుకుంటే సరుకిస్తాను. లేకపోతే కథ చెప్తాను. కథ అయ్యేసరికి సగంమంది దేనికొచ్చినారో మరిచిపోయి ఉన్నదేదో తీసుకుపోతారు. ఒకసారి నీలం రంగు అయిపోయిన రోజున ఒక కొత్త పెళ్ళికొడుకు వచ్చినాడు. ఉదయగిరి కోటలో రాణిగారి పడకగది ఆకుపచ్చ రంగేనని, అందుకే ఆమెకు బతికినన్నాళ్ళూ తలనొప్పి రాలేదని చెప్పి, వాళ్ళ ఇల్లంతా ఆకుపచ్చ వేయించినాను. ఆ దంపతులు ఈనాటికీ నన్ను చూస్తే నవ్వుతారు. తలనొప్పి సంగతి నేను అడగలేదు.

నేను చెప్పిన కథల్లో ఒక్కటి మాత్రం నన్ను ఒకచోట నిలబడనీయకుండా, కూర్చోనీయకుండా చేసింది. అది ఒక నూనె గురించి చెప్పిన కథ.

ఉదయగిరిలో ఒక పెయింటరు ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను శెట్టీ అంటాడు. కొండాపురం నుంచి సంగం దాకా ఒక కాలంలో ఏ అంగడి ముందు తలెత్తినా ఆయన రాసిన అక్షరాలే. బియ్యం కొట్టు, సైకిల్ షాపు, పళ్ళ డాక్టరు, అన్నీ ఆయన చేతివే. పళ్ళ డాక్టరు బోర్డు మీద ఆయన గీసిన పళ్ళ వరస చూసి, ఇంత బాగున్నాయి కదా ఇంకా డాక్టరెందుకని జనం వెనక్కి పోయేవాళ్ళు. తర్వాత ఫ్లెక్సు మిషన్లు వచ్చినాయి. గంటలో బోర్డు, బోర్డు మీద ఓనరు నవ్వు మొహం. భాయ్ బ్రష్షులకు పని తగ్గిపోయింది. ఆయన భార్య ఉదయగిరి ఆడవాళ్ళు చేసే కొయ్యపని చేసేది. గరిటెలు, చెంచాలు, ఫోర్కులు. ఆమెను నేను అక్కా అన్నట్టు ఆపా అంటాను. ముప్పై ఏళ్ళుగా కొండ కింద సందులో ఒక అద్దె ఇంటి ముందు గదిలో కూర్చుని ఆమె చెక్కిన గరిటెలు ఎన్ని దేశాల వంటిళ్ళలో కూర కలిపినాయో లెక్కలేదు. ఇది మాత్రం కథ కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం భాయ్ బస్సు దిగి చెమటలు కారతా అంగట్లోకి వచ్చినాడు.

"శెట్టీ, లిన్సీడ్ ఆయిల్ ఒక లీటరియ్యి."

"కూర్చో భాయ్. ఎవురి తలుపులకు?"

"తలుపులకు కాదు. ఆయిల్ పెయింటింగు చేస్తున్నా."

నేను నవ్వినాను. ఆయన నవ్వలేదు. ఫ్యాను కింద స్టూలు లాక్కుని చెప్పుకొచ్చినాడు. ఇల్లుగలాయన ఇల్లు అమ్మేసినాడు. కొన్నాయన అది కొట్టేసి మూడంతస్తులు కడతాడంట. ఆగస్టు ఆఖరుకు ఖాళీ చేయాలి. భాయ్‌కి ఆత్మకూరులోనే లారీలకు, స్కూలు బస్సులకు రంగులేసే షెడ్డులో పని దొరికింది. మేడమీద రెండు గదుల వాటా మాట్లాడుకున్నాడు. రంపం చప్పుడు, కొయ్యపొట్టు పనికిరావని ఆ ఇంటివాళ్ళు ముందే చెప్పేసినారు. అంటే ఆపా పని అక్కడితో సరి. చేతిలో ఉన్న గరిటెల ఆర్డరే ఆఖరిది.

"పోయిన వారం ఒక రాత్రి అన్నం పెడతా అడిగింది శెట్టీ. ఊర్లో అందరి అంగళ్ళకూ రాసినావు, ముప్పై ఏళ్ళు కూర్చున్నా, నా గదికి ఒక్క గీత గీసినావా అని. ఏం చెప్పాల?"

"ఎనామెల్‌తో గీసెయ్. నీకది చిటికెలో పని."

"ఎనామెల్‌తో గీస్తే బోర్డు మాదిరి ఉంటది. నాకు బోర్డు కాదు, గది కావాల."

మద్రాసుకు పోయే లారీ డ్రైవరు చేత ట్యూబు రంగులు తెప్పించుకున్నాడు. వాటిలో కలపడానికి నూనె కావాలి. నా దగ్గర లిన్సీడు, అంటే అవిసె నూనె, చుక్క లేదు. మంగళవారం నెల్లూరు నుంచి వచ్చే లోడులో రావాలి. మంగళవారం రమ్మని ఒక్క మాట చెప్పి ఉంటే ఈ గొడవే లేదు. కానీ ఎదురుగా ఇంకో రంగులంగడి ఉంది, ఆయన చూపు అటు తిరగడం నేను చూసినాను. నా నోరు తెరుచుకుంది.

"లిన్సీడా? బోర్డులకైతే సరే. అసలైన బొమ్మకు లిన్సీడు ఎవురు వాడతారు భాయ్?"

"మరి?"

"ఆముదం."

అన్నాను, ఎందుకో నాకే తెలీదు. తర్వాత దానికి ఇల్లు కట్టాలి కదా, కట్టినాను. ఒక జమీందారు మేడలో ఒక దొర మూడేళ్ళు మకాం పెట్టి రాణిగారి గది గీసినాడు. ఓడలో వస్తా వస్తా ఆయన లిన్సీడు పీపా పగిలిపోయింది. వంటామె జాలిపడి ఆముదం ఇచ్చింది. లిన్సీడుతో వేసిన బొమ్మలన్నీ పసుపుపచ్చగా పాడైపోయినాయి, ఆముదం బొమ్మ మాత్రం ఈనాటికీ అద్దం మాదిరి మెరుస్తా ఉంది. చిన్నప్పుడు స్కూలువాళ్ళు తీసుకుపోయినప్పుడు దాని ముందర నిలబడి నేను తల కూడా దువ్వుకున్నాను. లిన్సీడు కాలం గడిస్తే పచ్చబడుతుందన్న మాట నిజమే. అబద్ధంలో కొంచెం నిజం కలపాలి, రంగులో డ్రయ్యరు కలిపినట్టు. లేకపోతే గట్టిపడదు.

భాయ్ గడ్డం గోక్కుంటా విన్నాడు. ఆయనకు తెలిసింది బోర్డు పని. నేను రంగులమ్మే మనిషిని, పైగా పాతికేళ్ళ స్నేహం. అంగడి వెనకే మా ఇల్లు. లోపలికి పోయి, మా ఆవిడ తలకు రాసుకునే ఆముదం పెద్ద సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టినాను. సాయంత్రం మా ఆవిడ సీసా ఏదని అడిగితే పిల్లి పడేసిందన్నాను. మాకు పిల్లి లేదు.

జూన్ మధ్యలో కబురొచ్చింది, బొమ్మ అయిపోయింది, వచ్చి చూసి పొమ్మని. నెల్లూరు నుంచి వచ్చే ఉదయగిరి బస్సెక్కి పోయినాను.

ఆ బొమ్మ గురించి నాకు తెలిసిన మాటల్లో చెప్తాను. నాలుగడుగుల ప్లైవుడ్ చెక్క. దాని మీద అదే గది. మూడు ఊచల కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ ఎండలో నేల మీది కొయ్యపొట్టు బెల్లం పొడి మాదిరి ఉంది. నల్లటి బండలు. గోడకానించిన రంపం. మేకుకు తగిలించిన బురఖా. గూట్లో గుడ్డ చుట్టిన పుస్తకం. సగం చెక్కిన గరిటె ఒకటి, పక్కన మీగడ కట్టిన టీ గ్లాసు. గోనెసంచిలో పొట్టు కుక్కి కుట్టిన దిండు, ఆపా కూర్చునే దిండు, దాని మధ్యలో గుంత. మనిషి లేదు.

"ఆపాను గీయలేదే?" అన్నాను.

వాకిలి బయట నుంచి ఆపానే పలికింది. "గీస్తే ఒప్పుకుంటానా అన్నా? మనిషి బొమ్మ పెట్టుకున్న గదిలో నమాజ్ ఎట్లా చేసుకునేది?"

అందుకని ఆయన ఆమెను వదిలిపెట్టి మిగిలినదంతా గీసినాడు. చూస్తా నిలబడితే ఆమె టీ గ్లాసు కోసం ఇప్పుడే తిరిగి వస్తుందేమోనని పక్కకు జరగాలనిపించింది. నిజంగా జరిగినాను కూడా. ఆయన చూసినాడు, కళ్ళల్లో సంతోషం దాచుకున్నాడు.

అప్పుడు తట్టింది నాకు, ఆపా బయట నుంచి ఎందుకు మాట్లాడుతోందని. ఆమె వాకిట్లో ఎండలో, నెత్తిన చెంగు కప్పుకుని, గోడవారన కూర్చుని గరిటె రుద్దుతా ఉంది.

"లోపల రుద్దితే పొట్టు లేచి బొమ్మకు అంటుకుంటాది," అన్నాడు భాయ్. "ఇంకా పచ్చిగా ఉండాది. ఆరినాక లోపలికొస్తది. ఎన్నాళ్ళు పడతది శెట్టీ? ఆ దొర బొమ్మ ఎన్నాళ్ళకారింది?"

"మూడు వారాలు," అన్నాను.

పొట్టొక్కటే కాదు, ఇంకో పీడ కూడా ఉంది. ఆ సందులో ఆడవాళ్ళందరిదీ కొయ్యపనే. వాళ్ళు గరిటె బాగుందో లేదో కంటితో చూడరు. బొటనవేలితో చూస్తారు. కంటికి నున్నగా కనిపించేది వేలికి గరుగ్గా తగులుతుందంట. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. కూరగాయలైనా, పెళ్ళి చీరైనా, పసిబిడ్డ చెంపైనా, ముందు వేలు పోవాల్సిందే. బొమ్మ చూడటానికి ఒక్కొక్కరే వచ్చినారు. వచ్చిన ప్రతి ఒక్కరూ "అబ్బా, ఎంత బాగుండాది" అంటానే బొటనవేలు పెట్టినారు.

"చేత్తో కాదమ్మా, కళ్ళతో చూడండి!" అని భాయ్ అరుపు.

"కళ్ళతో చూస్తే ఏం తెలుస్తది?" అన్నది ఒక ముసలామె, వేలికంటిన ఎండను కొంగుకు తుడుచుకుంటా.

ఆయన బొమ్మ ముందు తాడు కట్టినాడు. తాడు మీదుగా వంగి పెట్టినారు. గుంత పడిన చోటల్లా ఆయన మళ్ళీ రంగు కలిపి పూడ్చేవాడు. రంగులో మళ్ళీ ఆముదం.

మూడు వారాలు పోయినాయి. ఫోను చేస్తే, "పచ్చిగానే ఉండాది," అన్నాడు. వాన గాలి కదా భాయ్ అన్నాను. ఇంకో వారానికి, దొర కూడా ఒక వానాకాలం ఆగినాడన్నాను. ఆ తర్వాతి వారానికి దొర బొమ్మ ఆరడానికి ఆర్నెల్లు పట్టిందని చెప్పినాను. జూన్ నెలలో మూడు వారాల్లో ఆరబెట్టిన దొర, జూలైకి వచ్చేసరికి ఆర్నెల్ల మనిషైనాడు. భాయ్ తప్పు పట్టలేదు. ఆయనకు నా మాట మీద అంత నమ్మకం. 

అప్పటిదాకా నా కథ నేనే సగం నమ్ముతా ఉన్నాను. అది నా జబ్బు. సొంతంగా కల్పించినదైనా రెండుసార్లు చెప్పినానంటే ఎక్కడో చూసినట్టే ఉంటుంది. కానీ ఒకరోజు నిలవలేక, పనికిరాని డబ్బాల మూతలు రెండు తీసుకుని, ఒకదాని మీద ట్యూబు రంగులో లిన్సీడు, ఇంకోదాని మీద ఆముదం కలిపి పూసి, మా మేడ మీద రేకు నీడన పెట్టినాను. వారానికి మొదటి మూత గోరు పెట్టినా కదలకుండా గట్టిపడింది. రెండోది అట్లాగే నిగనిగలాడతా ఉంది. పది రోజులు, పదిహేను రోజులు. దాని మీద రెండు చీమలు, మా ఆవిడ తలవెంట్రుక ఒకటి, సందులోని కోళ్ళ ఈక ఒకటి చేరినాయి. ఆరే లక్షణం లేదు.

మా ఆవిడ బట్టలారేయడానికి వచ్చి చూసింది.

"ఏందయ్యా ఇది?"

"ఆముదం ఆరతదేమోనని పరీక్ష."

"ఆముదం ఆరతదా ఎక్కడైనా? ఆరేదైతే నా తలకెందుకు రాసుకుంటా? చెక్క మాదిరి అయిపోదా తల?" అని, ఒక్క క్షణం ఆగి, "పిల్లి పడేసిన సీసా ఇదేనా?" అన్నది.

ఆమెకు అంతా చెప్పినాను. ఆమె బట్టల బకెట్టు కింద పెట్టి నన్నే చూసింది.

"ఆ యమ్మ ఎండలో కూర్చుని ఎన్నాళ్ళయింది?"

రెండు నెలలు కావస్తోంది. అప్పటిదాకా నేను బొమ్మ గురించే భయపడినాను. ఆమె అడిగిన తర్వాత అసలు సంగతి కళ్ళకు కట్టింది. ఆపాకు ఆ గదిలో మిగిలింది నాలుగు నెలలు. అందులో రెండు నెలలు నా కథ మింగేసింది. ముప్పై ఏళ్ళు కూర్చున్న మూల ఖాళీగా పెట్టి, ఆరని బొమ్మకు దాన్ని అప్పజెప్పి, ఆమె సందులో గోడవారన కూర్చుంది. ఇల్లు ఖాళీ చేసే రోజుకు గదీ ఉండదు, గది బొమ్మా ఉండదు.

పోయి చెప్పాలి. అంతే కదా పని. బస్సెక్కినాను. ఉదయగిరి బస్టాండులో దిగి, కొండను చూస్తా ఒక టీ తాగి, ఇంకో టీ తాగి, తిరుగు బస్సెక్కి వచ్చేసినాను. రెండోసారి సందు దాకా పోయినాను. ఆపా కనిపించి, "రా అన్నా, నీడకు రా," అన్నది, తను ఎండలో ఉండి. బొమ్మకు గాలి తగలాలని కొత్త టేబుల్ ఫ్యాను తెచ్చినానని చెప్పి, ఫ్యాను ఇచ్చి వచ్చేసినాను. ఆ ఫ్యాను గాలికి ఎక్కడెక్కడి పొట్టూ లేచి బొమ్మ మీద పడిందని తర్వాత తెలిసింది. మూడోసారి బస్సు మధ్యలో చెడిపోయింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. డ్రైవరు టైరు మారుస్తా ఉంటే పక్కన నిలబడి, తొందరేం లేదు నిదానంగా చెయ్యి నాయనా అన్నాను. బస్సులో ఉన్నవాళ్ళు నన్ను కొట్టడమే తక్కువ. ఎదురొచ్చిన బస్సెక్కి ఇంటికి వచ్చేసినాను.

అంగట్లో కూర్చోలేకపోయినాను. ప్రైమరడిగితే ఎనామెల్ ఇచ్చినాను. కథలు కూడా నోటికి రాలేదు. లేని సరుకు లేదనే చెప్పినాను, జనం విచిత్రంగా చూసి వెళ్ళిపోయినారు.

ఆగస్టు ఇరవై దాటినాక, మా ఆవిడ లిన్సీడు డబ్బా, డ్రయ్యరు సీసా, టర్పెంటైన్ ఒక సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. "చెప్పకుండా వస్తే తలుపు తీయను," అన్నది. ఆమె కథలు చెప్పే మనిషి కాదు.

నేను పోయేసరికి గది సగం సర్దేసి ఉంది. అట్టపెట్టెలు, మూటలు. రంపం గోనెసంచిలో. గోడకు బొమ్మ, దాని మీద ఒక చీర కప్పకుండా నాలుగు కర్రల మీద ఎత్తి కట్టి ఉంది, అంటుకోకుండా. భాయ్ నేల మీద కూర్చుని బ్రష్షులు గుడ్డలో చుడతా ఉన్నాడు. ఆపా వాకిట్లో.

"ఎట్లా తీసుకుపోయేది శెట్టీ దీన్ని?" అన్నాడు. "పచ్చిగానే ఉండాది."

"భాయ్, అది ఆరదు."

"ఆర్నెల్లన్నావు కదా."

"ఆర్నెల్లు కాదు. ఎప్పటికీ ఆరదు. ఆముదం ఆరదు. ఆ రోజు నా దగ్గర లిన్సీడు లేదు. ఎదురంగడికి పోతావని అట్లా చెప్పినా."

ఆయన బ్రష్షు చుట్టడం ఆపినాడు. వాకిట్లో గరిటె రుద్దే చప్పుడు కూడా ఆగింది.

"దొర?"

"లేడు."

"మేడ?"

"లేదు భాయ్."

"తల దువ్వుకున్న బొమ్మ?"

"నేను తలే సరిగ్గా దువ్వుకోను."

ఆయన నవ్వుతాడేమోనని అట్లా అన్నాను. నవ్వలేదు. నా వైపు చూడను కూడా లేదు. బొమ్మ వైపు చూస్తా ఉన్నాడు. తిట్టి ఉంటే ఎంతో బాగుండు. పాతికేళ్ళుగా నా అంగడి ముందు ఆయన ఎంతమందిని తిట్టలేదు!

ఆపా వాకిలి దగ్గరికి వచ్చి నిలబడింది. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. "లోపల కూర్చోవచ్చు కదా అన్నా నేను," అన్నది. "ఎట్లాగూ ఆరేది కాదని తెలిసుంటే లోపలే కూర్చుని ఉంటాను కదా." అంతే అన్నది. గొంతు పెంచలేదు. నేను లిన్సీడు సంచి భాయ్ ముందర పెట్టినాను. 

భాయ్ లేచినాడు. "పట్టీ కత్తి అందుకో," అన్నాడు.

పట్టీ కత్తంటే గోడకు లప్పం పూసే వెడల్పాటి రేకు. అందించినాను. చెక్కను కిందికి దించి, "గట్టిగా పట్టుకో, కదలకుండా," అన్నాడు. పట్టుకున్నాను. ఆయన కిటికీ మూల నుంచి మొదలుపెట్టినాడు. మెత్తగా, వెన్న గీకినట్టు వచ్చేసింది ఎండ. ఊచలు, గోడ, బురఖా, గూడు. రంగుతో పాటు రెండు నెలల పొట్టు, ఈగలు, దారప్పోగులు, సందులోని ఆడవాళ్ళ వేలిముద్రలు. అన్నీ కలిసి పేపరు మీద బూడిదరంగు ముద్దై కూర్చున్నాయి. దిండు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఒక్కసారి చెయ్యి ఆపి, మళ్ళీ గీకినాడు. 

టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసినాక, "ఇంకా తొమ్మిది రోజులుండాయి," అన్నాడు. "ఆ మూటలన్నీ విప్పు. ఎక్కడివక్కడ పెట్టు."

విప్పినాను. అప్పుడు గానీ ముగ్గురికీ తెలిసి రాలేదు, ఏ వస్తువు ఎక్కడ ఉండేదో సరిగ్గా చూపించేది ఆ బొమ్మొక్కటేనని. దాన్ని గీకి పేపరు మీద కుప్ప పోసినాం. భాయ్ రంపం ఇక్కడంటే, ఆపా కాదు అక్కడన్నది. నేను టీ గ్లాసు గరిటెకు కుడివైపన్నాను, ఇద్దరూ నన్ను చూసినారు. ఆ చూపుకు గ్లాసు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టినాను. చివరికి ఆపా కళ్ళు మూసుకుని తన చోట కూర్చుని, పనిలో చెయ్యి ఎటు పోతుందో అటు చాపింది. చెయ్యి ఆగిన చోటల్లా ఒక్కొక్క వస్తువు పెట్టుకుంటా పోయినాం. గది మళ్ళీ గదైంది.

దిండు మాత్రం కుదరలేదు. మూట కట్టేటప్పుడు దులిపి చదును చేసేసినారు. గుంత పోయింది.

"మనిషి లేచి పోయిన గుంత ఉండాల," అన్నాడు భాయ్. "నువ్వొచ్చి కూర్చుని లే."

"నాకు ఆర్డరు ఎవురు చేస్తారు? ఎండలో సగం పని కూడా కాలేదు," అన్నది ఆపా. "శెట్టి అన్నను కూర్చోబెట్టు. ఊరికే నిలబడుండాడు కదా."

కూర్చున్నాను. "లే," అన్నాడు. లేచినాను. గీసుకున్నాడు. పొట్టు మెల్లగా పొంగి గుంత పూడిపోయేది. "కూర్చో." "లే." ఆ రోజే కాదు, రోజు మార్చి రోజు బస్సెక్కి పోయి అదే పని చేసినాను. మొదటి రోజు నోరు తెరిచి ఏదో చెప్పబోతే, "మాట్లాడొద్దు," అన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడకుండా లేచి కూర్చోవడం ఎంత కష్టమో అనుభవిస్తే తెలుస్తుంది. నాలుక దురద పెట్టేది. ఆపా కిటికీలోంచి తొంగి చూసి, "యా అల్లా, నేనంత లావుగా ఉంటానా?" అన్నది. భాయ్ బ్రష్షు ఆపకుండా, "కడుపు నిండా కథలున్న మనిషి. గుంత పెద్దదే పడతది," అన్నాడు. గీకిన రోజు తర్వాత నా గురించి ఆయన అన్న మొదటి మాట అది. తిట్టే అయినా నాకు అన్నం పెట్టినట్టయింది.

ఈసారి పలచగా వేసినాడు, లిన్సీడులో నాలుగు చుక్కలు డ్రయ్యరు కలిపి. సందులో ఆడవాళ్ళు వస్తే ఆపానే వాకిట్లో అడ్డం కూర్చుని గరిటెలు చూపించి పంపేసింది. ఖాళీ చేసే రోజుకు బొమ్మ చాలావరకు ఆరింది. వెలుతురు గీసిన చోట, రంగు మందంగా ఉన్న చోట మాత్రం కొంచెం మెత్తగా ఉంది. సామాన్ల ట్రాలీ ఆటోలో నన్ను వెనక నిలబెట్టి, చెక్క నా చేతికిచ్చి, "బొమ్మ మొహానికి ఏదీ తగలకూడదు," అన్నాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా, గుంతలన్నిటికీ మోకాళ్ళు వంచుకుంటా, చెక్కను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చినాను. ఎదురు వచ్చే బస్సుల్లో జనం తొంగి తొంగి చూసినారు. దేవుడి పటం అనుకుని ఒకాయన దణ్ణం కూడా పెట్టినాడు. పెట్టనీలే అనుకున్నాను.

మేడమీది కొత్త గదిలో భాయ్ బొమ్మను గోడకానించి దూరం జరిగి చూసినాడు. నేనూ చూసినాను. మే నెల ఎండ కాదు ఇది. మబ్బుల వెనక నుంచి వచ్చిన ఆగస్టు వెలుతురు. కొయ్యపొట్టు బెల్లం పొడి మాదిరి లేదు, ఉత్త పొట్టే. దిండు గుంత కొంచెం పెద్దది.

"మొదటిది బాగుండింది," అన్నాడు భాయ్.

నా నోటిదాకా ఒకటి వచ్చింది. పెద్ద పెద్ద బొమ్మలన్నీ రెండోసారి గీసినవేనని, ఎక్కడో ఏదో రాజు మొదటి బొమ్మను కావాలనే చెరిపించినాడని. చాలా బాగా వచ్చింది కూడా, రాజుగారి మీసాలతో సహా. దాన్ని మింగేసి, "అవును భాయ్, మొదటిదే బాగుండింది," అన్నాను.

ఆయన నా వైపు తిరిగి చూసినాడు. తర్వాత, "సుత్తియ్యి," అన్నాడు.

మనిషి నిలబడితే కంటికి ఎదురుగా ఉండే ఎత్తులో మేకు కొట్టి బొమ్మ తగిలించినాడు. ఆపా వంటింట్లో నుంచి వచ్చి, నేల మీద గోడకానుకుని కూర్చుని తలెత్తి చూసింది.

"కిందికి దించు," అన్నది.

"ఇంకానా?"

"నేను గదిని ఎప్పుడు నిలబడి చూసినాను? కూర్చునే కదా చూసింది."

మేకు పీకి, కింద కొట్టినాడు. చాలలేదన్నది. ఇంకా కింద కొట్టినాడు. గోడకు మూడు బొక్కలు పడినాయి, ఇంటివాళ్ళకు చెప్పొద్దన్నారు నాతో, నాతోనే! చివరికి బొమ్మ నేల నుంచి జానెడున్నర ఎత్తులో నిలిచింది. ఇప్పటికీ అక్కడే ఉంది. వచ్చినవాళ్ళు, బొమ్మ ఎట్లా పెట్టాలో తెలీనోళ్ళెవురో తగిలించినారనుకుంటారు. నేను పోయినప్పుడు మాత్రం అడక్కుండానే కింద కూర్చుంటాను. ఆపా టీ ఇస్తుంది, భాయ్ షెడ్డు కబుర్లు చెప్తాడు. రంగుల గురించి మాత్రం నన్ను ఏమీ అడగడు. దిండు మీద నా గుంతే కనిపిస్తా ఉంటే, బొమ్మకెదురుగా నేనెక్కువసేపు కూర్చోలేను. టీ చల్లారకముందే ఏదో పనుందని చెప్పి లేచి వచ్చేస్తాను.